రెండున్నర

జూన్ 9, సోమవారం

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. అమ్మీకి ఉర్దూ తప్ప చదవడం రాదు. అబ్బా స్కూటర్ల నంబరు ప్లేట్లు తప్ప ఏమీ చదవడు. ఇంతకంటే గట్టి తాళం మా ఇంట్లో బీరువాకు కూడా లేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం నేనే మానేశానని అందరికీ చెప్పాను. ఇక్కడా అదే రాయబోయాను గాని, ఎవరి కోసం? వాళ్ళే తీసేశారు. గోదావరిఖని వచ్చి బక్రీద్ దాకా ఇంట్లో కూర్చున్నాను. పండక్కి వచ్చిన ప్రతి చుట్టమూ ఇప్పుడేం చేస్తున్నావని అడిగి, జవాబు వినకుండా ఖీమా గిన్నె వైపు తిరిగారు.

ఇవాళ సంతోషక్క దగ్గర చేరాను. లక్ష్మీనగర్‌లో ఫ్లెక్సీలు కొట్టే షాపు మీద ఒక గది, రెండు కుర్చీలు, రెండు కంప్యూటర్లు. ఆమె కంప్యూటర్ తెర ఆర్పి ఉంది. చెడిపోయిందేమో అని స్విచ్ నొక్కబోయాను. "దాన్ని ముట్టకు. కరెంటు దండుగ" అంది. పదో తరగతిలో ఆమెకు చూపు పోయింది. ఆ సంగతి ముందే తెలుసు. తెలిసి కూడా స్విచ్ మీద చెయ్యి పెట్టిన నా తెలివికి ఉద్యోగం పోవడంలో ఆశ్చర్యం లేదు.

చూపు లేనివాళ్ళకు ఫోన్ తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మా పని. అసలుది ఎక్కడో విదేశాల వాళ్ళు రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేశారు. అక్క దాన్నుంచి ఒక పాయ తీసి, మన వైపు మాట మాట్లాడించింది. అసలుది రాసేవాళ్ళను ఆమె 'పైవాళ్ళు' అంటుంది. గోదావరిలో పై నుంచి నీళ్ళు వచ్చినట్టు వాళ్ళ మార్పులు మనకు వస్తుంటాయి. కావలసినవి తీసుకుంటాం, అక్కర్లేనివి పోనిస్తాం.

జూన్ 11, బుధవారం

అక్క వినే వేగం నాకు అర్థం కావడం లేదు. కంప్యూటర్ ఆమెకు చదివి వినిపిస్తుంటే నా చెవికి పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. ఆ చిటపటల మధ్య ఆమె ఆగి, నలభయ్యో వరుసలో బ్రాకెట్ మూయలేదని నాతో అంటుంది. చూస్తే నిజమే. నేను కళ్ళజోడు తుడుచుకుని మరీ రాసిన వరుస అది.

హైదరాబాద్‌లో మా టీమ్ లీడర్‌కు రెండు తెరలుండేవి. రెండింటిలోనూ క్రికెట్టే చూసేవాడు.

ఇవాళ అంకెల సంగతి చెప్పింది. పైవాళ్ళ సాఫ్ట్‌వేర్ 2.5 అని ఉంటే "రెండు పాయింట్ ఐదు" అని చదివేదట. అక్క దాన్ని కూర్చోబెట్టి "రెండున్నర" అనడం నేర్పింది. 2.50 అని ఉన్నా రెండున్నరే. 1.75ను పావు తక్కువ రెండు అంటుంది. ఎందుకింత కష్టపడ్డావని అడిగితే, "అంగట్ల రెండు పాయింట్ ఐదు కిలోల ఉల్లిగడ్డ ఇయ్యమని ఎవలన్న అడుగుతరా?" అంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు. చేరి మూడో రోజే భజన మొదలుపెడితే బాగుండదు.

జూన్ 14, శనివారం

పోశం కాక వచ్చాడు. ఈ ఊళ్ళో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆటోకు మైకు కట్టుకుని చావు కబుర్లు, చీరల సేల్, వార్డు మీటింగ్, జాతర బస్సులు, అన్నీ ఆయనే చెప్పేవాడు. నా చిన్నప్పుడు అన్నం తినకపోతే అమ్మీ ఆయన మైకునే చూపించి భయపెట్టేది. జబీన్ అన్నం తినడం లేదని ఊరంతా చెబుతాడట.

ఆయన మెడకు ఇప్పుడు ఒక గుడ్డ కట్టి ఉంటుంది. గొంతులో జబ్బు వచ్చి ఆపరేషన్ చేసి మాట తీసేశారు. అంతకుముందే సంతోషక్క ఆయన్ను మా ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, కిటికీలకు బొంతలు కట్టి, పుస్తకాలకు పుస్తకాలు చదివించి రికార్డు చేసింది. మా సాఫ్ట్‌వేర్‌కు మగ గొంతు కావాలని చేసింది. తర్వాత అదే ఆయనకు నోరైంది. బొటనవేలితో ఫోన్‌లో టైపు చేస్తాడు, ఫోన్ ఆయన పాత గొంతుతో మాట్లాడుతుంది. ఆ ఫోన్‌ను మైకు దగ్గర పెట్టి ఇప్పటికీ డ్యూటీ చేస్తున్నాడు. సగం ఊరికి ఆయన మూగవాడయ్యాడనే తెలియదు.

"నువ్వు చాంద్ పాషా బిడ్డవా" అంది ఫోన్. అవును కాకా అన్నాను. చిన్నప్పటి అన్నం ముద్ద గుర్తొచ్చింది.

వచ్చిన పని వేరు. ఆ ఫోన్ ముసలిదైపోయింది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తుంటే రబ్బరు బ్యాండు వేసుకున్నాడు. కొత్త ఫోన్ కొన్నాడు గాని అది పాత యాప్‌ను రానివ్వడం లేదు. ఆయన గొంతున్న వెర్షన్‌ను కొత్త ఫోన్‌కు సరిపడేట్టు మళ్ళీ కట్టాలి. అక్క కట్టడానికి ప్రయత్నిస్తూనే ఉంది. కుదరడం లేదు. ఎందుకో ఆయన వెళ్ళాక చెప్పింది.

ఇంటికి వచ్చి అమ్మీకి చెబితే, "కైకు రోరీ?" అంది. నేను ఏడుస్తున్నానని నాకే తెలియదు. ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాను. సాఫ్ట్‌వేర్ అంటే రోజూ కూలగొట్టి కట్టే ఇల్లు. ఒకరోజు అది బాగా కుదిరిందనుకో, ఆ రోజుకు ఒక నంబరు బిళ్ళ తగిలిస్తాం. ఎప్పుడు ఆ నంబరు అడిగినా ఆ రోజు ఎలా ఉందో ఆ ఇల్లు అలాగే తీసిస్తుంది. దాన్ని అందరూ ట్యాగ్ అంటారు, అక్క మాత్రం గనిలో దిగేటప్పుడు ఇచ్చే బిళ్ళలాగా బిళ్ళ అనే అంటుంది. పోశం కాక గొంతున్న బిళ్ళ పేరు రెండున్నర. తర్వాత అక్క పైవాళ్ళ కొత్త కోడ్ మీద ఇల్లంతా మళ్ళీ కట్టింది. పాత గొంతు, దాని రికార్డింగులు అన్నీ ఆ బిళ్ళ పట్టుకుని మాత్రమే ఉన్నాయి. బిళ్ళ పీకేస్తే అక్కడికి దారి ఉండదు. కొన్నాళ్ళకు యంత్రమే చెత్త అనుకుని ఊడ్చేస్తుంది.

"మరి బిళ్ళ ఏమైంది?" అంది అమ్మీ.

బిళ్ళ పేరు జాబితాలో ఉంది. రెండున్నర అని యంత్రం చదువుతుంది. దాన్ని ఎంచుకుని కడితే లోపల మాత్రం పోశం కాక లేడు, పైవాళ్ళ ఆడగొంతు ఉంది. ఎవరో మన బిళ్ళ తీసి వాళ్ళ కోడ్‌కు తగిలించారు. ఎవరో ఏమిటి, రుత్విక్.

జూన్ 15, ఆదివారం

రుత్విక్ గురించి అక్క చెప్పింది కొంచెమే, నేను అల్లుకున్నది ఎక్కువ. రామకృష్ణాపూర్ వాడు. నేను కూర్చునే కుర్చీ అతనిదే. మన పాయ మూసేసి అందరం పైవాళ్ళతో కలిసిపోదాం, పోశం గొంతులో గరగర ఉంది, వాళ్ళ గొంతులు శుభ్రంగా ఉన్నాయి అన్నాడట. పోయినేడు పెద్ద గొడవై హైదరాబాద్ వెళ్ళిపోయాడు. చలికాలంలో బిళ్ళ మారిన సంగతి బయటపడగానే అక్క మా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళందరూ ఉన్న గ్రూపులో చెప్పేసింది, పని ఇతనిదేనని. సర్వర్ తాళం ఆమె తర్వాత అతనికొక్కడికే ఉండేది. అతను ఒక్క మాట బదులివ్వకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయాడట.

తప్పు చేయనివాడు నోరు మూసుకుని పోతాడా? గరగరట. వాడి మొహం.

జూన్ 16, సోమవారం

ఇవాళ పాఠం. పాయలో పనిచేసేవాళ్ళు అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసింది బిళ్ళలే. పైవాళ్ళ కోడ్ తెచ్చుకున్నప్పుడు వాళ్ళ బిళ్ళలు కూడా కొట్టుకొస్తాయి. వాటిని మన సర్వర్‌కు ఎక్కించామా, ఏది మనదో ఏది వాళ్ళదో తెలియక గందరగోళమే.

అక్కకూ ఒకసారి అలా జరిగిందట, ఇల్లు మళ్ళీ కట్టినప్పుడు. పైవాళ్ళ బిళ్ళలన్నీ పొరపాటున మన సర్వర్‌లోకి ఎక్కాయి. సాయంత్రమంతా కూర్చుని, వాళ్ళ జాబితాను చెవితో వింటూ, ఒక్కొక్కటే టైపు చేసి పీకేసింది. ఒకేసారి అన్నీ పీకే ఆజ్ఞ ఇస్తే మనవి కూడా పోతాయేమో అని. చివరకు మన జాబితా మళ్ళీ విని, రెండున్నర వినబడ్డాకే లేచింది. ఎంత ఓపిక! నేనైతే చూపుండి కూడా సగంలో వదిలేసి టీ తాగడానికి పోయేదాన్ని.

జూన్ 18, బుధవారం

నేను కూడా వినడం నేర్చుకుంటాను. ఇంట్లో నా లాప్‌టాప్ తెర మీద అమ్మీ దుపట్టా కప్పాను. వేగం బాగా తగ్గించి పెట్టాను. అయినా తల తిరుగుతోంది. అబ్బా గుమ్మంలో నిలబడి చూసి, లాప్‌టాప్‌కు పరదా వేశావా అని నవ్వి వెళ్ళిపోయాడు.

జూన్ 19, గురువారం

దుపట్టా కింద ఒక పేజీ రాశాను. అందులో తప్పులు పదకొండు. అక్కకు చెబితే, "ఫస్టు రోజు నాయి ఇంకెక్కువుండె" అంది. అబద్ధం అయి ఉంటుంది. నాకు మాత్రం రోజంతా ఆ మాటే తీపిగా ఉంది.

జూన్ 20, శుక్రవారం

రాయకపోతే మరచిపోవచ్చు అనిపిస్తోంది. అయినా రాస్తాను.

జుమ్మా కాబట్టి మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. దుపట్టా కప్పి, మా బిళ్ళల జాబితా వింటున్నాను. రెండు పాయింట్ ఒకటి, రెండు పాయింట్ రెండు, అలా నాలుగు దాకా. తర్వాత రెండున్నర. అక్క లాగా అనుకుని, విన్నది విన్నట్టే 2.5 అని టైపు చేశాను. ఆ పేరుతో బిళ్ళ లేదంది యంత్రం. మళ్ళీ విన్నాను. రెండున్నర ఉంది. మళ్ళీ కొట్టాను. లేదు.

దుపట్టా తీశాను. జాబితాలో ఉన్నది 2.50.

ఇన్ని రోజులుగా దాన్ని చూస్తూనే ఉన్నాను. లెక్కల్లో 2.5, 2.50 ఒకటే కదా, నా కంటికి అందులో వింతేమీ కనబడలేదు. బిళ్ళల లోకంలో మాత్రం అవి రెండు వేరు వేరు పేర్లు. పైవాళ్ళ జాబితా తెరిచి చూశాను. వాళ్ళవి 2.48, 2.49, 2.50, 2.51. అంటే 2.50 వాళ్ళదే. ఎవరూ మన బిళ్ళను వాళ్ళ కోడ్‌కు తగిలించలేదు. మనది 2.5. అది అసలు లేనే లేదు. ఆఫీసులో అందరూ ఎప్పుడూ రెండున్నర అనే అన్నారు తప్ప దాన్ని అంకెలతో పలికినవాళ్ళు లేరు.

పైవాళ్ళ జాబితా వింటూ ఒక్కొక్కటే పీకింది కదా. నలభై ఎనిమిది పీకి, నలభై తొమ్మిది పీకి, ఆ తర్వాత ఆమెకు ఏమి వినబడి ఉంటుంది?

కాదు. రుత్వికే 2.5 పీకి ఉంటాడు. వాడికి తాళం ఉంది.

జూన్ 21, శనివారం

ఇవాళ ఏమీ లేదు. ఆఫీసులో పని ఎక్కువ. అక్క కొత్త చీర కట్టింది, ఆకుపచ్చ. షాపులో రంగు చెప్పినవాడు నెమలి రంగు అన్నాడట, నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను.

జూన్ 23, సోమవారం

రుత్వికే అయి ఉండాలి. అక్క చెవి తప్పు వినదు.

తప్పు వినలేదు కూడా. ఆమె విన్నది సరిగ్గానే విన్నది. యంత్రం సరిగ్గానే రెండున్నర అంది. అలా అనమని నేర్పింది ఆమే. విన్నట్టే 2.5 అని కొట్టి ఉంటుంది, ఊడింది మనది.

చెప్పను. ఎందుకు చెప్పాలి? చెబితే జనం ఏమంటారో తెలుసు. పాపం కళ్ళు లేవు గదా, అందుకే అట్లయింది అంటారు. ఈ పనికి పైసలిచ్చే సంస్థ వాళ్ళు పెద్దపల్లి నుంచి వచ్చినప్పుడల్లా ఆమెతో కాకుండా నాతో మాట్లాడతారు. ఇంక అసలు ఆమె వైపు తిరగరు. నేను ఆమెను కాపాడుతున్నాను. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

ఆమె కంప్యూటర్‌లో, సర్వర్‌లో వెతికాను, ఆమె టీకి వెళ్ళినప్పుడు. పీకి చాలా కాలమైంది, యంత్రం ఎప్పుడో ఊడ్చేసింది. అప్పట్లో మా కోడ్ తీసుకున్న బయటివాళ్ళు లేరు కాబట్టి, పాత కాపీ ఉండగల మనిషి ఒక్కడే. నా కుర్చీలో ఇంతకుముందు కూర్చున్నవాడు. నంబరు సంపాదించి ఫోన్ కొట్టాను. రెండు రింగులకు పెట్టేశాను. ఏమని అడగాలి? నీ దగ్గరున్నది ఇవ్వు, నింద మాత్రం నీ దగ్గరే ఉంచుకో అనా?

జూన్ 25, బుధవారం

పోశం కాక ఫోన్ పోయింది. బ్యాటరీ ఉబ్బి తెర పగిలింది. రిపేరు షాపు వాడు పనికిరాదని చేతులెత్తేశాడు.

పొద్దున మా వెనక వీధిలో ఒకాయన చనిపోయాడు. వాళ్ళింట్లో ఎవరు పోయినా పోశం కాక మైకే తిరిగేది. కాక ఆటో తీసుకుని వచ్చాడు, అలవాటు కొద్దీ. వాళ్ళు ముందే ఇంకెవరితోనో సెల్‌ఫోన్‌లో రికార్డు చేయించి పెట్టుకున్నారు. ఆ కుర్రవాడు ఎవరో గాని చనిపోయినాయన పేరు చదవడానికే తడబడ్డాడు. పోశం కాక మైకు మాత్రం ఇచ్చి, ఆటో పక్కన నిలబడ్డాడు. పేరు తప్పు పలికినప్పుడల్లా ఆయన పెదవులు కదిలాయి. నేను గుమ్మంలోంచి చూశాను. చూసి లోపలికి వచ్చాను. తలుపు వేసుకున్నాను కూడా. ఆయన నన్ను చూస్తే ఏమని సైగ చేస్తాడో అని భయపడ్డాను.

కాపాడుతున్నానట. నాకు సిగ్గు లేదు.

జూన్ 26, గురువారం

చెప్పేశాను.

అక్క టీ గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకుని వింది. నేను ముందు రుత్విక్ పేరుతో మొదలుపెట్టి, ఊరంతా తిరిగి, చివరకు 2.50 దగ్గరకు వచ్చాను. ఆమె గ్లాసు కింద పెట్టింది. కంప్యూటర్‌లో జాబితా వింది. ఈసారి ఒక్కొక్క అక్షరం విడివిడిగా చదివించుకుంది. రెండు, చుక్క, ఐదు, సున్న. ఆ సున్న మళ్ళీ చదివించుకుంది.

"నలభై ఎనిమిది పీకిన. నలభై తొమ్మిది పీకిన. రెండున్నర పీకిన" అంది. ఆమె వేళ్ళు బల్ల మీద ఆ మూడింటినీ మళ్ళీ కొట్టాయి. "పీకినంక మల్ల ఇన్న. రెండున్నర ఇనబడ్డది. మనది పైలంగున్నదని లేచిన."

నేను గబగబా చెప్పుకొచ్చాను, ఇది ఎవరికైనా జరుగుతుందని, నేను కళ్ళతో చూసి కూడా పట్టుకోలేదని, అందరికీ చెప్పనవసరం లేదని, రుత్విక్‌ను నేనే మెల్లగా అడుగుతానని. ఎప్పటి నుంచి తెలుసు అని అడిగింది. శుక్రవారం నుంచి అన్నాను.

"నిన్న కాక ఆటో కాడ నిలబడ్డడని చెప్పినవ్ గదా. అప్పటికే నీకు ఎరుకేనా?"

ఎరుకే అన్నాను.

"నన్ను కాపాడతందుకు ఆయన గొంతు పిసికినవా, జబీన్?"

గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. కళ్ళు లేవు కాబట్టి అంటారని భయపడ్డానని చెప్పాను. అననియ్యి అంది. అనేటోళ్ళు ఆమె మంచిగ చేసినప్పుడు కూడా కళ్ళు లేకున్నా అనే అంటారట, వాళ్ళ కోసం పని ఆపుతామా అంది. చేతి రుమాలు తీసి మొహం తుడుచుకుంది. నేను కిటికీ వైపు తిరిగాను, ఆమెకు కనబడదని తెలిసీ.

జూన్ 27, శుక్రవారం

రుత్విక్‌కు ఆమే ఫోన్ చేసింది. నన్ను బయటికి పొమ్మంటుందనుకున్నాను. స్పీకర్ పెట్టి కూర్చోమంది. ఎత్తడేమో అనుకున్నాను. ఎత్తాడు. కింద ఫ్లెక్సీ మిషన్ చప్పుడే వినబడింది.

"రుత్విక్, నేను సంతోషిని. బిళ్ళ పీకింది నేనేరా. నిన్ను బద్నాం చేసిన" అంది.

అక్క జరిగిందంతా చెప్పింది, సున్నతో సహా. ఎక్కడా తనకు అనుకూలంగా ఒక మాట కలపలేదు. నేను నిన్న చెప్పినప్పుడు ఎన్ని కలిపానో గుర్తొచ్చి తల దించుకున్నాను. తర్వాత ఆమె అడిగింది, నీ దగ్గర పాత కాపీ ఏమన్నా ఉన్నదా, పోశం కాక నోరు పోయింది అని.

"ఆ ఫోల్డర్ ఉన్నదక్కా" అన్నాడు. "ఆ దినం గ్రూపుల చూసినంక శానసార్లు డిలీట్ చేద్దామనుకున్న. చెయ్యాల్నంటే గూడ దాన్ని తెరువాలె గదా. కోపానికి తెరువబుద్ధి గాలే."

మరి అప్పుడు గ్రూపులో ఎందుకు బదులివ్వలేదని నేనే అడిగేశాను, మధ్యలో దూరి. ఎవరు నువ్వు అన్నాడు. నీ కుర్చీలో కూర్చున్నదాన్ని అన్నాను. నవ్వాడు. నేను చేయలేదని చెబితే మరెవరు చేశారని అందరూ అడుగుతారు, అక్కడ ఉన్నది ఇద్దరమే కదా అన్నాడు. అంతే అన్నాడు. ఈ మనిషి మొహం గురించి నేను పదిహేనో తేదీన రాసిన వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టలేదు. అలాగే ఉండాలి.

సాయంత్రానికి పంపాడు. అందులో 2.5 ఉంది. లోపల పోశం కాక ఉన్నాడు, గరగరతో సహా.

జూన్ 29, ఆదివారం

రెండు రోజులు కట్టాం. కొత్త ఫోన్‌కు సరిపడక ఒక చోట ఇరుక్కుంటే, రుత్విక్ హైదరాబాద్ నుంచి ఫోన్‌లోనే దారి చెప్పాడు. అక్క, అతను మాట్లాడుకుంటుంటే మధ్యలో ఉన్న ఏడాది నాకు వినబడుతూనే ఉంది. అక్క "రా" అనబోయి ఆగుతోంది. అతను పని మాట తప్ప ఇంకో మాట ఎత్తడం లేదు. అతుకు పడటానికి టైము పడుతుంది.

పోశం కాకకు ఫోన్ ఇచ్చాం. ఆయన చొక్కా మార్చుకుని వచ్చాడు. కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టుకుని ఏదో గొప్ప మాట వింటామని కూర్చున్నాం.

"ఛాయ్‌ల చక్కెర తక్కువైంది" అంది ఫోన్.

అక్క నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టుకుంది. లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. నేను పరిగెత్తి చక్కెర తెచ్చాను, నాలుగు చెంచాలు వేశాను. కాక ఒక్క గుక్క తాగి, ఇప్పుడు ఎక్కువైందని టైపు చేశాడు.

జూన్ 30, సోమవారం

ఇవాళ బిళ్ళ మళ్ళీ తగిలించాం. పేరు ఏం పెట్టాలని అక్కను అడిగాను. రెండున్నర చదివే పద్ధతి తీసేద్దామా, అప్పుడు ఈ గొడవే ఉండదు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. జనం మాట్లాడే మాట మార్చవద్దు, మన బిళ్ళల పేరే మార్చుకుందాం అంది. ఇక మీద మన పాయ బిళ్ళలన్నిటికీ ముందు 'ఖని' అని ఉంటుంది. పైవాళ్ళవి ఎన్ని కొట్టుకొచ్చినా చెవికి తేడా తెలుస్తుంది. ఖని రెండున్నర. ఎంత సులువు, ఎంత చక్కని ఉపాయం. ఈమె దగ్గర నేను నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉంది.

కొన్ని బిళ్ళలకు పేరుతో పాటు ఒక మాట కూడా రాయవచ్చు, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో. మామూలుగా "గొంతు సరిచేశాం" లాంటిది ఒక ముక్క రాసి వదిలేస్తాం. ఆమె చాలాసేపు టైపు చేసింది. తర్వాత చదివించుకుంది. ఈసారి వేగం తగ్గించి పెట్టింది, నాకు కూడా అర్థమయ్యేంత నెమ్మదిగా. చదివింది పోశం కాక గొంతు.

"ఈ బిళ్ళను పోయినేడు పీకింది నేను. పీకి, రుత్విక్ చేసిండని అందరికి చెప్పిన. అతను చెయ్యలే. ఈ గొంతు మల్ల అతని దగ్గర్నే దొరికింది. సంతోషి."

అక్కా, ఇది ఒక్కసారి సర్వర్‌కు ఎక్కిందంటే మన కోడ్ తీసుకునే ప్రతివాళ్ళకూ వెళ్తుంది అన్నాను. మనం ఎప్పుడైనా తీసేసినా వాళ్ళ దగ్గర ఉండిపోతుంది. ఇంకా పుట్టని పిల్లలు కూడా ఎప్పుడో తెరిచి చదువుతారు. గ్రూపులో ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది కదా, నాలుగు రోజులకు కిందికి పోతుంది.

"అందుకే ఈడ పెడుతున్న" అంది. "గ్రూపుల పెట్టిన నింద కిందికి పోయింది. ఆ పిల్లగాని మీదినుంచి పోయిందా?"

ఆమె చెయ్యి ఎంటర్ మీద పెట్టి, ఒక్క క్షణం కూడా ఆగకుండా కొట్టింది.